మాన్‌స్టర్‌కు లైఫ్ బార్ ఎందుకు లేదు

అందరికీ నమస్కారం.

ఇవాళ ఒక్క గేమ్ గురించే మాట్లాడతాను. 2008లో జపాన్‌లో పీఎస్‌పీ (చేతిలో పట్టుకుని ఆడే సోనీ గేమ్ మెషిన్) మీద విడుదలై, మరుసటి ఏడాది 'మాన్‌స్టర్ హంటర్ ఫ్రీడమ్ యునైట్' పేరుతో బయటి దేశాలకు వచ్చిన గేమ్. ఈ సిరీస్‌ను జపాన్ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ 2004లో ప్లేస్టేషన్ 2 మీద మొదలుపెట్టింది. జపాన్‌లో అది ఊపందుకున్నది మాత్రం పీఎస్‌పీ మీదకు వచ్చాకే.

రోల్ ప్లేయింగ్ గేమ్ అనగానే లెవెల్స్ గుర్తొస్తాయి. చిన్నాచితకా శత్రువుల్ని కొట్టి పాయింట్లు కూడబెడితే మన పాత్ర బలపడుతుంది. ఇందులో ఆ పద్ధతే లేదు. మాన్‌స్టర్లను వేటాడే హంటరే ఇక్కడ మన పాత్ర. ఎన్ని వేటలాడినా హంటర్ ఒంట్లో బలం పెరగదు. చంపినదాని పొలుసులు, గోళ్లు, ఎముకలు తెచ్చి కమ్మరి చేత కత్తి, కవచం చేయించుకోవచ్చు. కానీ మాన్‌స్టర్‌ను చూడటం రాకపోతే ఎంత మంచి కవచమైనా ఎంతోసేపు కాపాడదు.

చూడటం అని ఎందుకంటున్నానంటే, మాన్‌స్టర్‌కు లైఫ్ బార్ ఉండదు. ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో దాని ఒళ్లే చెప్పాలి. మొదట్లో ఎదురయ్యే యాన్ కట్-కూనే తీసుకోండి. గులాబీ రంగు ఒళ్లు, విసనకర్రల్లా విచ్చుకునే పెద్ద చెవులు. కోపం వస్తే ముక్కు దగ్గర నిప్పు ఎగుస్తుంది, వేగం పెరుగుతుంది. చావు దగ్గరపడితే ఆ చెవులు ముడుచుకుపోతాయి. అప్పుడు దాన్ని చంపకుండా ట్రాప్ వేసి ప్రాణాలతో పట్టుకోవచ్చు కూడా. కుంటుకుంటూ గూటికి పోయి నిద్రపోతుంది. ఆ చెవులు ముడుచుకోవడం మొదటిసారి గమనించిన రోజు నాకింకా గుర్తుంది. అప్పటిదాకా గుడ్డిగా కొడుతున్నానని అప్పుడు తెలిసింది.

ఇక టిగ్రెక్స్ అనే ఇంకో మాన్‌స్టర్. గేమ్ మొదలవగానే హంటర్‌ను మంచుకొండ మీంచి కిందపడేసేది అదే. తర్వాత ఓ చిన్న క్వెస్ట్‌లో, అంటే మనకు అప్పజెప్పే పనిలో, పోపో అనే జంతువుల నాలుకలు మూడు తెమ్మంటారు. తేలిక పనే కదా అని వెళ్తే అక్కడ మళ్లీ అదే ప్రత్యక్షం. నేను తెలివితక్కువగా దాని ముందే నిలబడి పోషన్, అంటే ప్రాణం నింపే మందు, తాగాను. ఈ గేమ్‌లో పోషన్ తాగాక హంటర్ ఠీవిగా కండలు చూపిస్తాడు. అది అయ్యేదాకా కదల్లేం. ఈ ఆలస్యం మీద చాలామందికి కోపం. నాకైతే గేమ్ ప్రాణమంతా అక్కడే ఉందనిపిస్తుంది. మందు తాగాలన్నా, మొద్దుబారిన కత్తికి సాన పట్టాలన్నా, ఎప్పుడు తీరిక దొరుకుతుందో మాన్‌స్టర్‌ను చూసే తేల్చుకోవాలి.

టిగ్రెక్స్ ఒకసారి దూసుకొచ్చి ఆగదు. గిర్రున వెనక్కి తిరిగి మళ్లీ వస్తుంది. వెనక్కి పరిగెత్తామా, అయిపోయాం. పక్కకు తప్పుకుని, చివరి పరుగు ముగిసేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఒకటో రెండో దెబ్బలు వేయాలి. మూడో దెబ్బకు ఆశపడితే మళ్లీ మంచులో పడతాం. ఒక్కోసారి దాని కోరలు గోడలో ఇరుక్కుంటాయి. అప్పుడు మాత్రం కరువుతీరా కొట్టొచ్చు.

చేతుల సంగతి కూడా చెప్పాలి. పీఎస్‌పీకి అనలాగ్ స్టిక్ ఒక్కటే. నడవడానికి బొటనవేలు దాని మీద, కెమెరా తిప్పడానికి చూపుడువేలు వంచి పైనున్న బాణాల బటన్ల మీద. ఆ పట్టును 'క్లా' అంటారు, అంటే పక్షి గోరు. వేళ్లు లాగేవి. కొన్నాళ్లకు అలవాటైపోయింది.

ఒంటరిగా ఆడినా బాగుంటుంది కానీ, ఈ గేమ్‌ను నలుగురు దగ్గరదగ్గరగా కూర్చుని ఆడాలి. నాలుగు మెషిన్లు వైర్‌లెస్‌గా కలుస్తాయి. క్వెస్ట్‌కు సాధారణంగా 50 నిమిషాల గడువు. అందరూ కలిసి మూడుసార్లు పడిపోతే వేట రద్దు. అంటే నా తొందర నా ఒక్కడితో పోదు, పక్కవాడి కష్టం కూడా వృథా అవుతుంది. అందుకే మాటలు మొదలవుతాయి. హ్యామర్ పట్టినవాడు తల నాది అంటాడు, కళ్లు తిరిగి పడేదాకా అక్కడే కొడతాడు. పొడవు కత్తి ఉన్నవాడు తోక దగ్గరికి పోతాడు. ఇంకొకడు రెండుసార్లు పడిపోయి టెన్షన్‌తో దూరంగా నిలబడి ఉంటాడు.

అలాంటి ఒక సాయంత్రం, మాలో కొత్తగా ఆడటం మొదలుపెట్టిన కుర్రాడు అంతవరకూ నోరు మెదపలేదు. ఉన్నట్టుండి స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే అరిచాడు: "చెవులు ముడిచింది! కొట్టకండి, ట్రాప్ వెయ్యండి!"