పాత జీపులో డీజిల్ ఇంజిన్: కొలతలు వెనక చక్రాల దగ్గర మొదలవ్వాలి

నమస్తే అండీ. నా వెనకాల చైన్ పుల్లీకి వేలాడుతున్నది 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజిన్, దాన్ని అంటుకుని ఐదు గేర్ల బాక్సు, ఆ వెనక అడాప్టర్‌తో కలిపిన పాత స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పవరు పంచే పెట్టె. కింద నోరు తెరుచుకుని నిలబడ్డది సీజే-3బీ, ఎత్తు బానెట్ జీపు అంటే మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. దాని పెట్రోల్ ఇంజిన్ మొన్ననే దింపేశాం. ఇలాంటి బండి ఫోటో పెట్టగానే నాకు వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఆ బానెట్ కింద డీజిల్ ఇంజిన్ పడుతుందా?"

పడుతుంది. కానీ బానెట్ కింద చోటు చూసి ఇంజిన్ కూర్చోబెడితే బండి పాడవుతుంది. ఇంజిన్ ఎక్కడ ఉండాలో చెప్పేది ప్రొపెల్లర్ షాఫ్టూ (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి యాక్సిల్‌కి పవరు తీసుకెళ్లే రాడ్డు), ముందు డిఫరెన్షియలూ (యాక్సిల్ మీద ఉండే పళ్ల గుండు). ఆ రెండింటినీ అడిగాక మిగిలిన చోటే ఇంజిన్‌ది. ఈ వీడియో అంతా దాని గురించే.

నా మొదటి జీపు సంగతి చెప్తాను. ఒక షెడ్డులో ఇచ్చాను, పొద్దున ఇంజిన్ దించారు, బానెట్ మూతపడుతోందా లేదా చూశారు, సాయంత్రానికి మౌంటింగులు వెల్డింగ్ చేసేశారు. స్టార్ట్ అయింది, నడిచింది, నేనూ సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను. 50 దాటగానే కాళ్ల కింద ఫ్లోర్ రేకు జుమ్మంటూ ఒకటే వణుకు, అద్దంలో వెనక వచ్చే లారీ రెండు లారీల్లా కనిపించేది. నాలుగు నెలల్లో మూడు క్రాసులు పోయాయి, అంటే షాఫ్టు చివర్లలో వంగుతూ తిరిగే కీళ్లు. మూడోసారి విప్పినప్పుడు మెకానిక్ బాబాయ్ ఆ క్రాసు గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టి, "గోరుతో గీకి చూడు" అన్నాడు. రోలర్లు సూదుల్లా ఉంటాయి కదా, అవి నొక్కి నొక్కి ఇనుములోకి దిగిపోయిన సన్నని గాడులు, వరసగా, గోరుకి తగిలాయి. "ఇది క్రాసు తప్పు కాదు నాయనా, ఇంజిన్ కూర్చున్న తీరు తప్పు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

ముందు ఈ బండి గురించి రెండు ముక్కలు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. సీజే-3బీ అనే ఈ మోడల్‌ని అమెరికాలో విల్లీస్ 1953లో తెచ్చింది. దీని బానెట్ అంత ఎత్తుగా ఎందుకు ఉంటుందంటే, అంతకుముందు జీపుల్లో ఉన్న ఇంజిన్‌కి వాల్వులన్నీ బ్లాకులో పక్కనే ఉండేవి, తర్వాత వచ్చిన హరికేన్ ఇంజిన్‌కి ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోకి వెళ్లాయి. సీసీ అదే, 2199, కానీ ఇంజిన్ ఎత్తు పెరిగింది. పాత బానెట్ మూతపడదు కాబట్టి కంపెనీ బానెట్‌నీ గ్రిల్‌నీ పైకి లేపింది. ఇంజిన్ కోసం బాడీ మార్చిన బండి ఇది, అందుకే నాకు దీని మీద ఇష్టం ఎక్కువ.

ఇంజిన్ మారిస్తే గేర్ బాక్సు ఎందుకు మార్చాలి అని అడుగుతారు. లెక్క చూడండి. ఈ జీపు డిఫరెన్షియల్ రేషియో 5.38, అంటే షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. 6.00-16 టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.3 మీటర్లు. పాత మూడు గేర్ల బాక్సులో టాప్ గేరు డైరెక్టు, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్టూ అన్నే, అంటే 80 స్పీడులో ఇంజిన్ నిమిషానికి దాదాపు 3100 చుట్లు తిరగాలి. పెట్రోల్ ఇంజిన్ పవరు 4000 దగ్గర ఇచ్చేది, దానికి అది పెద్ద పని కాదు. మన డీఐ పూర్తి పవరు ఇచ్చేదే 3200 దగ్గర. అంటే హైవే ఎక్కితే పాపం అది రోజంతా గొంతు చించుకుని అరుస్తూనే ఉండాలి. ఐదో గేరు 0.8 దగ్గర ఉన్న బాక్సు పెడితే అదే 80కి 2500 చాలు. ఇంజిన్ ఊపిరి పీల్చుకుంటుంది, మనమూ మాట్లాడుకోవచ్చు. డిఫరెన్షియల్ పళ్లు మార్చడం ఇంకో దారి, కానీ ముందూ వెనకా రెండూ ఒకే రేషియోకి మార్చాలి, ఖర్చు రెట్టింపు.

అయితే ఆ ఐదు గేర్ల బాక్సు, అడాప్టర్‌తో కలిపి, పాతదాని కంటే 120 మిల్లీమీటర్లు పొడవు వచ్చింది. మీకు జానెడు కూడా లేదే అనిపిస్తుంది. ఈ జీపు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరమే 80 అంగుళాలు, అందులో ఆ 120 ఎక్కడ దాచాలన్నదే అసలు తలనొప్పి. ట్రాన్స్‌ఫర్ కేసు పాత చోటే ఉంచితే ఇంజిన్ ముందుకు జరిగి ఫ్యాను రేడియేటర్‌లోకి, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ ముందు డిఫరెన్షియల్ మీదికి వెళ్తాయి. ఇంజిన్ పాత చోటే ఉంచితే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరిగి, అసలే పొట్టిగా ఉన్న వెనక షాఫ్టు ఇంకా పొట్టిదవుతుంది.

షాఫ్టు పొట్టిదైతే ఏమవుతుంది? నా బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు అవుట్‌పుట్‌కీ వెనక పినియన్‌కీ (డిఫరెన్షియల్‌లో షాఫ్టు బిగించే ముక్కు) ఎత్తులో తేడా 85 మిల్లీమీటర్లు, షాఫ్టు పొడవు 500. అంటే దాదాపు 9.6 డిగ్రీల వాలు. అదే షాఫ్టు 380 అయిపోతే వాలు 12.6కి పోతుంది. క్రాసు ఎంత వంగి తిరిగితే అంత ఎక్కువ అరుగుతుంది. ఇంకో సంగతి, వంగి తిరిగే క్రాసు ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. అవతలి చివర రెండో క్రాసు కూడా అంతే కోణంలో ఉంటే ఆ ఎగుడుదిగుడుని అది సరిచేసేస్తుంది. రెండు కోణాలూ వేరైతే అదంతా వణుకుగా సీటు కిందికి వస్తుంది. నా మొదటి జీపులో జరిగింది సరిగ్గా అదే: ఇంజిన్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, పినియన్ మాత్రం నేలకి సమాంతరంగా ఉంది. ఒక చివర ఒక కోణం, ఇంకో చివర మూడు డిగ్రీలు ఎక్కువ.

కాబట్టి సూత్రం ఇది. ట్రాన్స్‌ఫర్ కేసు అవుట్‌పుట్ షాఫ్టూ, వెనక పినియనూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, తేడా ఒక డిగ్రీ లోపు. ఇంజిన్ వెనక్కి 3 వాలితే పినియన్ ముక్కు 3 పైకి చూడాలి. దానికోసం కమాన్ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ప్లేటు పెడతాం. కమాన్ కట్టల బండిలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ ముక్కు కొంచెం పైకి లేస్తుంది, అందుకే నేను ఒక డిగ్రీ తక్కువే పెట్టుకుంటాను.

ఇంజిన్‌నే ఇంకా వాల్చేస్తే వెనక కోణం తగ్గుతుంది కదా అని తెలివైన తమ్ముడొకడు అడిగాడు. తగ్గుతుంది. కానీ ఇంజిన్ వెనక్కి వాలితే ముందు అవుట్‌పుట్ ఆకాశం వైపు చూస్తుంది, ముందు డిఫరెన్షియలేమో కింద ఉంది. వెనక లాభం ముందు షాఫ్టు నుంచి లాక్కున్నట్టే. పైగా పినియన్‌ని మరీ పైకి ఎత్తితే దాని ముందు బేరింగుకి ఆయిల్ అందదు. ముందు యాక్సిల్‌కి కూడా ప్లేటు పెట్టి తిప్పేద్దామంటే క్యాస్టర్, అంటే ముందు చక్రాలు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, మారిపోతుంది, మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. ముందు షాఫ్టు మీద బరువు ఫోర్ బై ఫోర్ వేసినప్పుడే, అదీ నెమ్మదిగా వెళ్లేటప్పుడే పడుతుంది కాబట్టి అక్కడ కొంచెం సర్దుకుపోవచ్చు. వెనక మాత్రం సర్దుకోకండి.

పక్క కోణం కూడా ఉంటుంది, చాలామంది ఇక్కడే పడిపోతారు. ఈ జీపుల్లో ముందూ వెనకా డిఫరెన్షియల్ కుడివైపుకి జరిగి ఉంటుంది, ఎందుకంటే స్పైసర్ 18 రెండు అవుట్‌పుట్‌లూ కుడివైపే. వెనక అవుట్‌పుట్ నడిమధ్యలో ఉండే వేరే ట్రాన్స్‌ఫర్ కేసు తెచ్చి పెడితే షాఫ్టు కిందికి వాలడమే కాదు, పక్కకి కూడా వాలుతుంది. కిందికి 6, పక్కకి 4 అనుకోండి, క్రాసుకి తగిలే అసలు కోణం 7.2. ముందు అవుట్‌పుట్ ఎడమవైపు ఉన్న కేసయితే ఈ యాక్సిల్‌తో అసలు కలవదు. అందుకే నేను విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగి, పాత స్పైసర్ కేసు ఉంచుకుంటూనే అడాప్టర్ చేయించుకున్నాను.

ఇప్పుడు పనిలోకి. బండి టైర్ల మీద, తన బరువు మీద నిలబడాలి. యాక్సిళ్లు వేలాడుతుంటే తీసిన కొలతలన్నీ అబద్ధమే. చాసీ పొడవునా మధ్యలో నూలు దారం కట్టాం, దాని నుంచి తూకం గుండు వదిలి నేల మీద సుద్దతో గీత గీశాం. కోణం కొలవడానికి అయస్కాంతం ఉన్న గేజీ వాడండి, అవుట్‌పుట్ ఫ్లేంజి ముఖం మీద పెట్టండి. వాల్వు కవరు రేకు మీద పెట్టి కొలిస్తే అది రేకు కోణమే చెప్తుంది.

మొదట ట్రాన్స్‌ఫర్ కేసుని నిలబెట్టాం. ఇంజిన్ ఇంకా పుల్లీకే వేలాడుతోంది. వెనక్కి 45 మిల్లీమీటర్లు జరపడానికి ఒప్పుకున్నాం, షాఫ్టు 455కి వచ్చింది, వాలు 10.6, ఇంజిన్ వాలు 3 తీసేస్తే ఒక్కో క్రాసు మీద 7.6. పొట్టి జీపుకి ఇది నేను భరించగలిగిన హద్దు. మిగతా 75 ఇంజిన్ ముందుకి వెళ్లింది, దానికోసం రేడియేటర్‌ని గ్రిల్ వైపు 30 జరిపాం.

తర్వాత ముందు యాక్సిల్. ఇదొక్కటి మీరు తప్పకుండా చూడండి. కమాన్ కట్టలో మెయిన్ పట్టీ ఒక్కటే ఉంచి మిగతావి తీసేశాం, అప్పుడు జాకీతో యాక్సిల్‌ని బంపు రబ్బరు నలిగేదాకా లేపొచ్చు. డిఫరెన్షియల్ నెత్తి మీద చపాతీ పిండి ముద్ద పెట్టి, పైన ఒక ప్లాస్టిక్ కాగితం కప్పి, జాకీ కొట్టాం. దించాక పిండిని చాకుతో అడ్డంగా కోసి స్కేలు పెడితే, పల్చటి చోట 6 మిల్లీమీటర్లు. చాలదు. ఇంజిన్ రబ్బర్ల మీద ఊగుతుంది, గుంతలో పడ్డప్పుడు యాక్సిల్ ఇంకా కొంచెం పైకి వస్తుంది. ఇంజిన్‌ని 8 పైకి లేపి, ఛాంబర్ మూల ఒకటి కోసి అతికించి, మళ్లీ పిండి పెట్టాం. ఈసారి 19 వచ్చింది. ఛాంబర్ కోస్తే లోపల ఆయిల్ పీల్చే జాలి ఎక్కడుందో చూసుకునే కోయండి. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఆయిల్ అంతా వెనక్కి పోతుంది, జాలి ఖాళీలో మిగిలిపోకూడదు.

కుడివైపు స్టీరింగ్ బాక్సు, ఎగ్జాస్టు, సెల్ఫ్ మోటారు: సెల్ఫ్ విప్పి తీయడానికి చెయ్యి దూరుతోందా లేదా ఇప్పుడే చూసుకోండి. ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య 25 అయినా ఉండాలి, వాగు దాటేటప్పుడు నీళ్లు తగిలితే ఫ్యాను రెక్కలు ముందుకి వంగుతాయి.

ఇవన్నీ కుదిరే దాకా మౌంటింగులకి టాకాలే, అంటే అక్కడక్కడా చుక్క వెల్డింగే. ఫుల్ వెల్డింగ్ చివర్న. చాసీకి బోల్టులతో బిగించే బ్రాకెట్లు చేయించండి, రంధ్రాలు చాసీ నిలువు గోడకే వేయండి, పైనా కిందా ఉండే అంచులు కొట్టొద్దు, బరువంతా మోసేవి అవే. ఇంజిన్‌నీ గేర్ బాక్సునీ కలిపే బెల్ హౌసింగ్ అడాప్టర్‌ని మాత్రం డయల్ గేజీ పెట్టి చూడండి, క్రాంకు నడిమధ్యకీ గేర్ బాక్సు నడిమధ్యకీ పొంతన లేకపోతే క్లచ్చూ ఇన్‌పుట్ బేరింగూ రెండూ తినేస్తుంది.

కాగితాల సంగతి కూడా. పెట్రోల్ నుంచి డీజిల్ అంటే ఆర్సీలో రాసిన వివరాలే మారిపోతాయి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దీని గురించే. ఇంజిన్ కొన్నాక కాదు, కొనే ముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి మాట్లాడండి.

షాఫ్టులు అన్నిటికంటే ఆఖర్న చేయించాం, బండి పూర్తి బరువు మీద నిలబడ్డాక కొలిచి. షాఫ్టు పొడవు సర్దుకునే స్లిప్ జాయింటు లోపలికి జరగడానికి 25 మిల్లీమీటర్లు వదిలాం. నిన్న పొద్దున మొదటిసారి రోడ్డెక్కించాను. 60లో ఐదో గేరు వేసి అద్దంలోకి చూస్తే వెనక లారీ ఒక్కటే కనిపించింది, నెంబరు ప్లేటు మీద అంకెలు కూడా చదవగలిగాను. 500 కిలోమీటర్లు తిరిగాక మౌంటింగు బోల్టులన్నీ మళ్లీ బిగించి, వెనక క్రాసు ఒకటి విప్పి కెమెరా ముందే తుడిచి చూపిస్తాను.