కొత్త టీవీకి పాత రిసీవర్ తోడు

శ్రోతలకు నమస్కారం.

కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ, పెద్ద తెర టీవీ ఇంటికొచ్చిన నాలుగు రోజులకే పెద్దవాళ్లు ఒక మాట అంటారు. “ఏం రా నాయనా, ఇంత టీవీ తెచ్చినావు, మాటలే సరిగా వినపడల్యా!” వాళ్ల చెవుల తప్పేం లేదు. టీవీ పలచబడేకొద్దీ లోపల స్పీకర్లకు చోటు తగ్గింది. చాలా సెట్లలో అవి కిందికో, వెనక గోడవైపుకో తిరిగి ఉంటాయి.

అంగట్లో అడిగితే సౌండ్‌బార్, అంటే టీవీ కింద పెట్టే పొడవాటి సన్న స్పీకర్, కొనమంటారు. కొనేముందు అటక మీద ఒకసారి చూడండి. క్యాసెట్ల కాలం నాటి రిసీవర్, అంటే రేడియో, యాంప్లిఫైయర్ కలిసున్న పెట్టె, దాని స్పీకర్లు బాగుంటే చౌక సౌండ్‌బార్ కన్నా అవే మేలని నా అభిప్రాయం. చెక్కపెట్టెలోంచి వచ్చే డోలు దెబ్బ సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి ఎక్కడొస్తుంది?

చిక్కల్లా రెండింటినీ కలపడంలోనే. రిసీవర్ వెనక ఎరుపు, తెలుపు సాకెట్లు జతలుగా ఉంటాయి. వాటికి అనలాగ్ సిగ్నల్ కావాలి. కొత్త టీవీల్లో చాలావాటికి ఆ అవుట్‌పుటే లేదు. ఎరుపు తెలుపు సాకెట్లు కనిపించినా, పక్కన ‘ఇన్’ అని రాసుంటే అవి సిగ్నల్ తీసుకునేవే గానీ ఇచ్చేవి కావు.

టీవీకి హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే పని సులువు. ఒక కొసన హెడ్‌ఫోన్ పిన్ను, రెండో కొసన ఎరుపు తెలుపు పిన్నులున్న కేబుల్ చాలు. వాల్యూమ్ కూడా టీవీ రిమోట్‌తోనే తగ్గుతుంది, పెరుగుతుంది. రెండు రిమోట్లతో తంటాలు పడే పెద్దవాళ్లకు ఇదే హాయి.

అది లేకపోతే ఆప్టికల్ సాకెట్ చూడండి. రేడియోలో చూపించలేను గనుక గుర్తు చెబుతా: చదరంగా, చిన్న మూతతో ఉంటుంది, టీవీ వేసి మూత తీస్తే లోపల ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. 1983లో జపాన్‌లో సీడీ ప్లేయర్ల కోసం వచ్చిన ఏర్పాటు ఇది. వెలుగు రూపంలో వచ్చే ఈ డిజిటల్ శబ్దం పాత రిసీవర్‌కు అర్థం కాదు. మధ్యలో అగ్గిపెట్టంత కన్వర్టర్ పెట్టాలి. అంగట్లో డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చేది అని గట్టిగా చెప్పి తీసుకోండి, అచ్చం అలాగే ఉండి తిరగేసి పనిచేసేవి కూడా ఉంటాయి. ఆప్టికల్ కేబుల్ కొసలకు సన్నటి ప్లాస్టిక్ తొడుగులుంటాయి, తీసి గుచ్చండి.

అన్నీ కలిపాక కూడా శబ్దం రాకపోతే కన్వర్టర్‌ను తిట్టుకోవద్దు. టీవీ సెట్టింగుల్లో సౌండ్‌లోకి వెళ్లి, డిజిటల్ అవుట్‌పుట్ దగ్గర ‘పీసీఎం’, అంటే కుదించని మామూలు డిజిటల్ శబ్దం, ఎంచుకోండి. ‘ఆటో’లోనో ‘డాల్బీ’లోనో ఉంటే చౌక కన్వర్టర్లు దాన్ని విప్పలేవు. మౌనంగా ఉంటాయి, లేదా గరగరమంటాయి. ‘పాడైపోయింది’ అని వెనక్కి వెళ్లే కన్వర్టర్ల జబ్బు చాలాసార్లు ఇదే.

బొమ్మ, శబ్దం ఒకే తీగలో పోయే హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్న రిసీవరైతే, ఆ సాకెట్ పక్కన ‘ఏఆర్‌సీ’ అని ఉందేమో చూడండి. టీవీ శబ్దాన్ని అదే తీగలో వెనక్కి పంపే ఆ సౌకర్యం 2009లో వచ్చింది. అంతకు ముందువాటిలో ఉండదు.

ఇక రిసీవర్ వైపు ‘ఆక్స్’, ‘టేప్ ఇన్’, ‘సీడీ’ ఏదైనా పనికొస్తుంది. ‘ఫోనో’ జోలికి మాత్రం పోవద్దు. అది గ్రామఫోన్ రికార్డు ముల్లు ఇచ్చే అతి చిన్న సిగ్నల్‌ను ఎన్నో రెట్లు పెంచే దారి. టీవీని అక్కడ పెడితే శబ్దం పగిలిపోతుంది.

కొందరిళ్లలో గుయ్‌మని ఒక మోత వస్తుంది. సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ తీసి చూడండి. మోత ఆగితే అది ఎర్తింగ్ గొడవ. ఆప్టికల్ తీగలో వెలుగే గానీ కరెంటు పోదు కాబట్టి దాంతో ఆ బెడద తప్పుతుంది. అయితే కన్వర్టర్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే ఇస్తే మోత మళ్లీ ఆ దారిన వస్తుంది. విడిగా అడాప్టర్ పెట్టండి.

ఆఖరున స్పీకర్ తీగలు. రిసీవర్‌లో మీడియం వేవ్ స్టేషన్ ఏదైనా పెట్టి, రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యన కూర్చోండి. మాట ఎదురుగా నడిమధ్య నుంచి రావాలి. ఎటునుంచి వస్తోందో తెలియకుండా, బేస్ పలచగా ఉంటే, ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారైనట్టు. రిసీవర్ స్విచ్ ఆపి, ఆ ఒక్క స్పీకర్ తీగలు మార్చండి.