మొదటి సంవత్సరం లెక్కలు రెండో సంవత్సరంలో అడుగుతారా?

శ్రోతలకు నమస్కారం. అమలాపురం, భీమవరం, కాకినాడ వంటి ఊళ్లలో ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివే పిల్లలకూ, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులకూ ఒక సందేహం ఉంటుంది. మొదటి సంవత్సరంలో ముగిసిన గణితాన్ని రెండో సంవత్సరం పరీక్షలో మళ్లీ అడుగుతారా?

మన రాష్ట్రంలో ఏళ్ల తరబడి 75 మార్కుల చొప్పున 2ఏ, 2బి అనే రెండు పేపర్లుగా సాగిన పద్ధతినే తీసుకుందాం. పాత అధ్యాయం నుంచి విడిగా ప్రశ్న ఇవ్వరు. కానీ కొత్త ప్రశ్న కడుపులో పాత పాఠం ఉంటుంది.

మూలబిందువు కేంద్రంగా, వ్యాసార్ధం 5 గా ఉన్న వృత్తానికి 3ఎక్స్ + 4వై = 25 అనే రేఖ స్పర్శరేఖ అవుతుందని చూపమన్నారనుకోండి. ఇది రెండో సంవత్సరపు వృత్తాల అధ్యాయంలోని ప్రశ్నే. అయితే కేంద్రం నుంచి రేఖకు లంబదూరం కనుక్కుంటే తప్ప లెక్క ముందుకు కదలదు, ఆ సూత్రం మొదటి సంవత్సరపు సరళరేఖల పాఠంలోనిది. 25ను 5తో భాగిస్తే 5 వస్తుంది, అది వ్యాసార్ధానికి సమానం, లెక్క అక్కడితో తేలిపోతుంది. సమాకలనంలో, అంటే ఇంటిగ్రేషన్‌లో, ఈ అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది మొదటి సంవత్సరపు అవకలనాన్ని, అంటే డిఫరెన్షియేషన్‌ను, వెనక్కి నడిపించడమే; టాన్ విలోమ ప్రమేయపు అవకలజం గుర్తులేని విద్యార్థి, ఆ రూపం ఎదురుగా కనిపిస్తున్నా పోల్చుకోలేడు. సంకీర్ణ సంఖ్యల ఘాతాలను కనుక్కునే డీమావర్ సిద్ధాంతానికి త్రికోణమితి కావాలి. దీర్ఘవృత్త సమీకరణాన్ని సవరించడానికి వర్గాన్ని పూర్తిచేయడం రావాలి, అది పదో తరగతి నాటి విద్య.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువకు ఎగువ లాకు మూసేస్తే శివారు పొలానికి నీరందదని మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు; పిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం ఆ సంగతి మరిచిపోతాం.

ప్రవేశ పరీక్షల తీరు వేరు. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలోని 160 ప్రశ్నల్లో 80 గణితానివే, అవి రెండు సంవత్సరాల పాఠాల నుంచీ నేరుగా వస్తాయి. జేఈఈ మెయిన్ కూడా రెండేళ్ల చదువునూ అడుగుతుంది. అందుకే, పరీక్షలు కాగానే మొదటి సంవత్సరం పుస్తకాలను పక్కింటి పిల్లవాడికి ఇచ్చేసే మన అలవాటు మంచిదే అయినా, సూత్రాలు రాసుకున్న నోటుపుస్తకాన్ని మాత్రం ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచండి.