ఫ్రిజ్ బాగానే ఉంది, వైరే సన్నం

నమస్తే అండీ. వీడియోలో వాసన రాదు కాబట్టి మీరు బతికిపోయారు. మేం ఊళ్లు తిరుగుతూ రాత్రిళ్లు పడుకునే మా మారుతి ఈకో వ్యాన్‌లో ఇప్పటికీ ఎండెక్కితే చాలు, సన్నగా రొయ్యల కంపు లేస్తుంది.

పోయిన మే నెల సంగతి. నిజాంపట్నంలో కిలోన్నర రొయ్యలు కొనుక్కుని, రాత్రికి సూర్యలంక చేరాం. రొయ్యలమ్మిన ఆవిడ ఐసు వేసిస్తానంది. "వ్యాన్‌లో ఫ్రిజ్ ఉందమ్మా" అన్నాను, కాస్త గొప్పగానే. తెల్లారి ఫ్రిజ్ మూత తీసింది మా ఆవిడ. ఆవిడ మొహం చూశాక నేను రొయ్యల్ని చూడక్కర్లేకపోయింది.

ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. ఆన్ చేస్తే నిమిషం నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. దారిలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించాను. బ్యాటరీ మీద మీటర్ పెట్టాడు, 12.1 వోల్టులు. ఫ్రిజ్ సాకెట్ దగ్గర పెట్టాడు, అక్కడా 12.1. "వైరింగ్ బాగుందన్నా, ఫ్రిజ్జే పోయింది" అన్నాడు. నేనూ నమ్మేశాను. కొత్తది ఆర్డర్ పెట్టబోయాను కూడా.

ఇంటికొచ్చాక ఎందుకో మీటర్ పుల్లలు సాకెట్లోనే ఉంచి ఫ్రిజ్ ఆన్ చేశాను. ఇదిగో, మీకోసం మళ్లీ పాత వైరు తగిలించి చూపిస్తున్నా, అంకె మీదే కళ్లు పెట్టండి. 12.1... కంప్రెసర్ అందుకుంది... 11.0. టక్. ఆగింది. మళ్లీ 12.1! ఆగి ఉన్నప్పుడు కొలిస్తే వైరులో కరెంటే పారదు, ఇక తేడా ఎక్కడ కనపడుతుంది? నడుస్తుండగా కొలవాలి.

లెక్క చూడండి. నేను వేసింది 1 స్క్వేర్ ఎంఎం వైరు. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా 6 మీటర్లు, తిరుగు వైరు ఇంకో 6. ఈ తిరుగు వైరునే అందరం మర్చిపోతాం. 12 మీటర్ల రాగి తీగ నిరోధం, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, సుమారు 0.21 ఓమ్స్. ఫ్రిజ్ 5 ఆంపులు లాగితే ఒక వోల్టు పైన దారిలోనే పోతుంది. ఇంట్లో 230 వోల్టుల్లో ఒకటి పోతే ఎవడికీ తెలీదు. 12లో ఒకటి పోతే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. నా ఫ్రిజ్ 11.1కి దిగితే బ్యాటరీని కాపాడ్డానికి తనంతట తనే ఆగిపోయే సెట్టింగ్‌లో ఉంది. పాపం, దాని పని అది చేసింది. తిట్లు మాత్రం దానికే పడ్డాయి.

ఇప్పుడు 6 స్క్వేర్ ఎంఎం మల్టీస్ట్రాండ్, అంటే లోపల చాలా సన్నటి తీగలుండే వైరు వేశాను. అదే లోడుకి పోయేది 0.2 వోల్టు లోపే. ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు మాత్రం బండిలో వద్దండి. అదురుడుకి ఎక్కడో లోపల తెగుతుంది, తెగిన చోటు దొరకదు.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి ఆనుకునే ఉండాలి. నేను మొదట ఫ్రిజ్ పక్కన పెట్టాను, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. పెద్ద బుద్ధితక్కువ పని! ఫ్యూజు కాపాడేది వైరుని. మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే, అవతలి చివర ఉన్న ఫ్యూజు ఏం చేస్తుంది? పైగా ఈకోలో ఇంజిను ముందు సీట్ల కిందే. వైరు అటు నుంచి తీసుకెళ్లకండి, వేడికి పైతొడుగు మెత్తబడిపోతుంది. రేకుకి రంధ్రం చేసిన ప్రతిచోటా, వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) పెట్టండి.

ఫ్రిజ్ నడిపే బ్యాటరీ కూడా మార్చాను. పాతది యాసిడ్‌ది. చార్జ్ అవుతుంటే హైడ్రోజన్ వదులుతుంది, దాని పక్కన తలుపులు మూసుకుని పడుకోవడం నాకు నచ్చలేదు. ఇప్పుడున్నది 100 ఆంప్ అవర్ లిథియం ఫాస్ఫేట్, 1,280 వాట్ అవర్స్. దీన్ని ఇంజిన్ ఆల్టర్నేటర్‌కి, అంటే బండి నడుస్తుంటే కరెంటు పుట్టించే దానికి, నేరుగా కలపకండి. మధ్యలో ఆ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే డీసీ టు డీసీ చార్జర్ పెట్టండి.

సీట్లు పీకేసి మంచం ఎందుకు కట్టలేదని చాలామంది అడుగుతున్నారు. ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డమొస్తుంది. అందుకే నాదంతా ఎత్తి బయట పెట్టేసే పెట్టెల సరంజామా.

బీచ్ నుంచి రాగానే టెర్మినల్స్ తుడిచి, నట్లు బిగించి, వ్యాజిలిన్ రాస్తాను. ఉప్పుగాలికి పచ్చటి చిలుము ఇట్టే పట్టేస్తుంది. మొన్న మళ్లీ సూర్యలంక వెళ్లొచ్చాం, ఫ్రిజ్ రాత్రంతా నడిచింది. అయినా మా ఆవిడ రొయ్యలు ఐసులో పెట్టించే తెచ్చింది.