ఈతకొలను పన్ను: ఓటు వేసే ముందు అడగాల్సిన లెక్కలు

మిత్రులారా,

ఈతకొలను కోసం ఆస్తి పన్ను పెంచుతామన్నప్పుడల్లా మన అభ్యంతరం కట్టడం ఖర్చు దగ్గరే ఆగిపోతోంది. కట్టడం ఒక ఎత్తు, ఏళ్ల తరబడి నడపడం మరో ఎత్తు. ఆ రెండో లెక్క ప్రతిపాదనలో ఒకటి రెండు వాక్యాల్లోనే ముగుస్తుంది.

ముందు అప్పు సంగతి. అసలు 100 అనుకుందాం. 8 శాతం వడ్డీకి 20 ఏళ్ల సమాన వాయిదాలైతే ఏటా 10.19 చొప్పున మొత్తం 204 దాకా కట్టాలి. కరపత్రంలో కనిపించేది 100 మాత్రమే. కెనడాలోని మాంట్రియల్‌లో 1976 వేసవి ఒలింపిక్స్‌కు కట్టిన స్టేడియం అప్పు 2006లో గానీ తీరలేదు. దానికోసం పొగాకు మీద ప్రత్యేక పన్ను వసూలు చేశారు.

ఇక నడపడం. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతున్న కొలనులో సుమారు 4.7 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. ఆ నీరంతా 4 గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరగాలంటే పంపులు గంటకు 1.17 లక్షల లీటర్లు తోడాలి. ఈదేవాళ్లు 10 మంది వచ్చినా 200 మంది వచ్చినా పంపులు ఆగవు, లైఫ్‌గార్డుల జీతాలూ తగ్గవు. పైకప్పున్న కొలనైతే గాలిలో తేమను లాగేసే యంత్రాలు కూడా ఉండాలి. వాటి కరెంటు దండగని ఆపేస్తే తేమ, క్లోరిన్ ఆవిర్లు కలిసి ఇనుప దూలాలను తినేస్తాయి. అప్పుడు మరమ్మతుకు మళ్లీ పన్నే.

అందుకే సందర్శకుల అంచనాను నిలదీయాలి. ఖర్చు 100, టికెట్ల రాబడి 50 అని చూపించారనుకోండి. జనం 30 శాతం తగ్గితే రాబడి 35కు పడిపోతుంది, మన మీద పడే లోటు 50 నుంచి 65కు పెరుగుతుంది. ఆ అంచనా ఏ కొలను హాజరు పట్టీ చూసి వేశారో అడగండి.

పిల్లల ఆటలకు అడ్డుపడుతున్నారని మనల్ని అంటారు. ఆ మాటకు జంకవద్దు. కొలను వద్దని మనం అనడం లేదు. పాతదాన్ని బాగుచేస్తే ఎంతవుతుందో, సగం పరిమాణంలో కడితే ఎంతవుతుందో పక్కపక్కన చూపించమంటున్నాం. 1972లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ఓటర్లు 1976 శీతాకాల ఒలింపిక్స్‌కు ప్రజాధనం ఇవ్వబోమని తేల్చేశారు. వాటిని నిర్వహించాల్సిన ఆ రాష్ట్ర నగరం డెన్వర్ తప్పుకుంది, ఆ క్రీడలు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జరిగాయి. అక్కడి ఓటు సూటిగా డబ్బు మీదే జరిగింది.

బహిరంగ విచారణకు వెళ్లేలోపు అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. అందులో వడ్డీ, గడువు, ఏటా నిర్వహణ ఖర్చు, మరమ్మతు నిధి, లోటు ఎవరు భరిస్తారన్న అంశాలను విడివిడిగా అడగండి. అప్పు తీరిన ఏడాదే పన్ను రద్దవుతుందన్న వాక్యం తీర్మానంలోనే ఉండాలని పట్టుబట్టండి. వేదిక మీది హామీని లెక్కలోకి తీసుకోకండి.