ఊరు పట్టు వదల్లేదు: బిలోయెలా కుటుంబంపై చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: అంతర్జాతీయ వార్తలు రాసే పాత్రికేయుడు, వలస కేసులు చూసే న్యాయవాది, క్వీన్స్‌లాండ్ పల్లెల్లో పనిచేసిన తెలుగు నర్సు)

సంధానకర్త: నమస్కారం. శరణు కోరి వచ్చిన కుటుంబాన్ని తీసుకెళ్లి నిర్బంధంలో పెడితే ఇరుగుపొరుగు వాళ్లు ఏమైనా చేయగలరా? ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బిలోయెలా అనే ఊరు చేసి చూపించింది. అసలేం జరిగిందండీ?

పాత్రికేయుడు: భార్యాభర్తలిద్దరూ శ్రీలంక తమిళులు. ఆయన 2012లో, ఆమె 2013లో విడివిడిగా పడవల్లో వచ్చారు. పెళ్లయింది ఆస్ట్రేలియాలోనే. ఆయనకు బిలోయెలా మాంసం ఫ్యాక్టరీలో పని. ఆడపిల్లలిద్దరూ క్వీన్స్‌లాండ్‌లోనే పుట్టారు. 2018 మార్చి 5న తెల్లవారుజామున సరిహద్దు దళం వచ్చి తలుపు కొట్టింది. ఆమె తాత్కాలిక వీసా గడువు ముందు రోజే తీరింది. సర్దుకోవడానికి పది నిమిషాలు ఇచ్చారట. చిన్నపిల్లకు అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అటునుంచి అటే మెల్‌బోర్న్ నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్లిపోయారు.

సంధానకర్త: పిల్లలు అక్కడే పుట్టారు కదా, వాళ్లకు పౌరసత్వం రాదా?

న్యాయవాది: రాదండి. పడవలో వచ్చినవాళ్లకు పుట్టిన బిడ్డ ఆస్ట్రేలియా ఆసుపత్రిలో పుట్టినా, చట్టం దృష్టిలో పడవలో వచ్చినట్టే లెక్క. నాకు ఇది చాలా అన్యాయమనిపిస్తుంది.

నర్సు: ఆ ఊరి గురించి ఒక మాట చెప్పనివ్వండి. జనాభా సుమారు ఆరు వేలు. బొగ్గు, పశువులు, పత్తి మీద బతికే ప్రాంతం. ఓట్లు ఎక్కువగా పడేది సంప్రదాయవాద పార్టీకే. అలాంటి చోట ఒకరు డ్యూటీకి రాకపోతే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. ఆ పిల్లల తల్లి కూర వండి ఆసుపత్రి డాక్టర్లకు ఇచ్చేదట. అందుకే ఊరివాళ్లు శరణార్థి విధానం మీద వాదనలు పెట్టుకోలేదు. మా వాళ్లను మా ఊరికి పంపండి అన్నారు, అంతే. పిటిషన్ మీద లక్షల సంతకాలు పడ్డాయి.

న్యాయవాది: సంతకాలు చూసి కోర్టు తీర్పు ఇవ్వదండి. కానీ ప్రచారం వల్ల లాయర్లు నిలబడ్డారు, టైమ్ దొరికింది. 2019 ఆగస్టు 29 రాత్రి చూడండి, ఆ కుటుంబాన్ని శ్రీలంక విమానం ఎక్కించేశారు. లాయర్లు పరుగెత్తారు, జడ్జి ఫోన్‌లోనే స్టే ఇచ్చారు. విమానం గాల్లో ఉండగానే! డార్విన్‌లో దించక తప్పలేదు.

పాత్రికేయుడు: దించి ఇంటికి పంపారా? క్రిస్మస్ ద్వీపానికి పంపారు. హిందూ మహాసముద్రంలో, జావాకు దక్షిణంగా ఉంటుంది. అంత పెద్ద కేంద్రంలో చాలాకాలం ఖైదీలు ఆ నలుగురే.

న్యాయవాది: 2020 ఏప్రిల్‌లో కోర్టు, చిన్నపిల్ల వీసా విషయంలో ప్రభుత్వం న్యాయమైన పద్ధతి పాటించలేదని తేల్చింది. ఖర్చుల కింద రెండు లక్షల డాలర్ల పైచిలుకు కట్టమంది. కేసంతా ఆ పసిదాని పేరు మీదే నిలబడింది.

నర్సు: ఆ పసిదానికే 2021 జూన్‌లో జబ్బు చేసింది. న్యుమోనియా, రక్తంలో ఇన్‌ఫెక్షన్, అంటే సెప్సిస్. విమానంలో పెర్త్ ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేను పిల్లల వార్డులో పనిచేశాను. సెప్సిస్‌లో గంట ఆలస్యమైతే ఏమవుతుందో కళ్లారా చూశాను. ఆ వార్త చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత్రికేయుడు: ఆ తర్వాత మళ్లీ ద్వీపానికి పంపలేదు, పెర్త్‌లో ఉంచారు. 2022 మే ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, కొత్తవాళ్లు మాట ఇచ్చినట్టే ముందు తాత్కాలిక వీసాలిచ్చారు. జూన్ 10న కుటుంబం ఊరు చేరింది. రెండు రోజులకు చిన్నపిల్లకు అయిదో పుట్టినరోజు. నిర్బంధం బయట అదే మొదటిది. ఆగస్టులో శాశ్వత వీసాలు వచ్చాయి.

సంధానకర్త: అంటే ఊరు గెలిచినట్టేగా?

న్యాయవాది: ఆ కుటుంబం వరకు గెలిచింది. వీసా వచ్చింది మంత్రి విచక్షణతో. పడవలో వచ్చినవాళ్ల మీద చట్టం అలాగే ఉంది. వెనక ఊరు లేని ఒంటరివాడి ఫైలు ఎవరు చూస్తారు చెప్పండి?

నర్సు: అందుకని ఊరు చేసింది చిన్నదైపోదు కదండీ.

న్యాయవాది: చిన్నదని నేననలేదమ్మా. అలాంటి ఊళ్లు ఇంకా కావాలంటున్నాను.

పాత్రికేయుడు: మనకూ దూరపు ముచ్చటేం కాదు. హైదరాబాద్ బాలాపూర్ వైపు రోహింగ్యా కుటుంబాలు ఏళ్లుగా ఉంటున్నాయి. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. అక్కడ పక్కింటివాళ్ల అండ ఇంకా ఎక్కువ కావాలి.

సంధానకర్త: ఆస్ట్రేలియాలో ఉన్న మన తెలుగువాళ్లు అడుగుతున్నారు. తెలిసిన కుటుంబాన్ని పట్టుకెళ్తే మొదట ఏం చేయాలి?

న్యాయవాది: అదే రోజు లాయర్‌ను పట్టుకోండి. ఈ కేసుల్లో గడువులు రోజుల్లో ఉంటాయి. వాళ్ల కాగితాలు, పిల్లల మందుల చీటీలు ఎక్కడున్నాయో చూసి కాపీలు దాచండి. వాళ్ల అనుమతి లేకుండా ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి, సొంతదేశంలో ఉన్న బంధువులకు ముప్పు రావచ్చు. మంత్రికి ఉత్తరం రాస్తే అందరూ ఒకే నమూనా కాపీ కొట్టకండి. ఎన్నేళ్లుగా తెలుసు, ఎక్కడ కలిసి పనిచేశారు, వాళ్ల పాప మీ పాపతో ఏ బడికి వెళ్తోంది, అవి రాయండి.

నర్సు: వారం వారం ఫోన్ చేయండి. మొదటి నెల అందరూ చేస్తారు, రెండో ఏడాదిలో చేసేవాళ్లే తక్కువ.