బొంబాయి బస్సు

అందరికీ నమస్కారం. టైము తక్కువుంది, అందుకే ఒక్క పిల్లగాడి ముచ్చట చెప్తాను.

కోస్గి దగ్గర ఒక సర్కారు బడిలో పాఠాలు చెప్పేవాణ్ని. ఆరో తరగతిలో ఒకడు మొదటి పీరియడ్‌లోనే నిద్రపోయేవాడు, లేపితే పక్కోణ్ని కొట్టేవాడు. మొద్దు అనుకున్నాను, తిట్టాను, ఒకసారి ఎండలో నిలబెట్టాను కూడా, సిగ్గుతోనే చెప్తున్నాను. ఒకనాడు వాళ్ల అవ్వ బడికొచ్చి, "సారూ, వాడు రాత్రంతా పండడు" అన్నది. అమ్మానాయిన కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారు, వీడు చూస్తే ఏడుస్తాడని, నిద్రపోయినంక బొంబాయి బస్సెక్కారు. పొద్దున లేచేసరికి పక్క ఖాళీ. అప్పటినుంచి వాడు తన అంగీ కొసను అవ్వ కొంగుకు ముడేసుకుని పడుకుంటున్నాడట, ఆమె నీళ్లకు లేచినా మెలకువ రావాలని.

నిద్రలేని పిల్లవానికి లెక్కలెక్కడ ఎక్కుతాయి చెప్పండి? ఎప్పుడూ టెన్షన్‌లో ఉంటే ఒంట్లో భయం గంట ఆగదు, నిద్ర పోతుంది, జ్ఞాపకం పోతుంది, చదువు పోతుంది, దాంతోపాటే రేపటి నౌకరీ. అమెరికాలో తొమ్మిదిన్నర వేలమంది పెద్దవాళ్లను అడిగి 1998లో ఒక అధ్యయనం అచ్చేశారు. దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం, జైలు, ఇట్లాంటివి చిన్నప్పుడు నాలుగు రకాలో అంతకన్నా ఎక్కువో చూసినవాళ్లలో, ఏమీ చూడనివాళ్లకన్నా డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నాల ముప్పు 4 నుంచి 12 రెట్లు కనిపించింది. అంటే అట్లాంటి ప్రతి పిల్లవాడూ చెడిపోతాడని కాదు, అట్ల అనుకోకండి. వాళ్ల లిస్టులో మన బొంబాయి బస్సు లేదు. నన్నడిగితే రాసుకోవాల్సిందే.

పాలమూరు వలస ఒక్కనాడు ఆగేది కాదు, పోవద్దని నేననను. పొట్ట తిప్పలు నాకు తెలుసు. అడిగేది ఒక్కటే: పిల్లలు నిద్రలో ఉన్నప్పుడు పోకండి. లేపి చెప్పి పోండి. ఎప్పుడొస్తారో చెప్పండి, ఫోన్ ఏ పూట చేస్తారో చెప్పి ఆ పూటకే చేయండి. ఏడుస్తే ఏడవనీయండి, కానీ చెప్పి పోండి. బడిలో సార్లు, టీచరమ్మలు కూడా కొట్టేముందు "రాత్రి పండుకున్నవా బిడ్డా" అని అడగండి. మనసుకు మరీ భారమైతే మాట్లాడటానికి సర్కారు ఫోన్ సాయం టెలిమానస్ 14416 ఉంది, పిల్లలకు ఆపదైతే 1098.

ఆ పిల్లగాడు ఇప్పుడు పుణెలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. మొన్న దసరాకు వచ్చి పోతూ నాకు ఫోన్ చేశాడు, వెనక బస్సు హారన్ వినబడుతోంది. "బిడ్డను లేపి చెప్పిన సార్, బస్సు దాకా వచ్చి ఒకటే ఏడుపు" అన్నాడు, కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.